తడవని తువ్వాలు

ఆదివారం పొద్దున్నే బట్టలు నానబెడదామని టీచరమ్మ మనవరాలి ఈత సంచి విప్పింది. తువ్వాలు మడత నలగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే బీరువా వాసనే తప్ప క్లోరిన్ వాసన లేదు. నిన్న సాయంత్రం స్కూటర్ దిగుతూనే, "ఇవాళ మునిగి తేలాను నానమ్మా" అంది పిల్ల.

సంచి అడుగున ఇంకొకటి చేతికి తగిలింది. పాత మేజోడుతో కుట్టిన కప్ప బొమ్మ. కళ్లకు గుండీలు, నాలుకకు ఎర్ర గుడ్డ. చేతికి తొడుక్కుంటే నోరు తెరిచి మాట్లాడుతుంది. ఆ బొమ్మ ఆమె కుట్టింది కాదు గానీ, ఆ కుట్టు మాత్రం ఆమె నేర్పిందే.

చుట్టుపక్కల పిల్లల్లో చాలామందికి రెండో భాషలో తొలి మాట టీచరమ్మ నోటి నుంచే అబ్బింది. బడి నుంచి రిటైరయ్యాక కూడా సాయంత్రం ముందుగదిలో చాప పరిస్తే చాలు, నాలుగైదేళ్ల పిల్లలంతా వచ్చి వాలిపోతారు. పుస్తకాల్లేవు, పరీక్షల్లేవు. కప్ప అడుగుతుంది, పిల్లలు చెబుతారు. ఆ విద్య ఆమె పక్కనుండి నేర్చుకున్నది ఒక్కతే, ఒకప్పుడు ఆమెకు సహాయకురాలిగా ఉన్న పొడుగమ్మాయి. ఇప్పుడు మార్కెట్ వెనక మేడ మీద సొంతంగా క్లాసు నడుపుకుంటోంది.

వంటింటి గడప మీద కూర్చుని పాలు తాగుతోంది బుడంకాయ. ఐదేళ్ల మనవరాలికి ఆమె పెట్టిన ముద్దుపేరు అది.

"ఈ కప్ప ఎవరిదే?"

పిల్ల గ్లాసు వెనక ముఖం దాచుకుంది. "పొడుగు టీచర్ ఇచ్చింది. నీకు చెప్పొద్దన్నాడు నాన్న."

"దానికి ఆ భాష అప్పుడే మొదలుపెట్టకమ్మా, ఇంకో ఏడాది ఆగు" అని కొడుకు అంటే, నోరు కట్టేసుకుని ఆగింది తను. ముందుగదిలో ఎవరి పిల్లలకో నేర్పుతూ, సొంత మనవరాలి వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది.

ఆమె కప్పను తీసుకెళ్లి, కాఫీ తాగుతున్న కొడుకు ముందు పెట్టింది.

"ఇదేంట్రా?"

కప్పు అతని పెదాల దగ్గరే ఆగిపోయింది. కోడలు పొయ్యి కట్టేసి వచ్చింది. "దాచొద్దని నేను మొదటే చెప్పాను అత్తయ్యా."

"నిన్నడగట్లేదమ్మా. నేను కన్నవాణ్ణి అడుగుతున్నా."

"నెమ్మదిగా చెబుదామనుకున్నాను" అన్నాడు కొడుకు.

"నాకు నేర్పడం చేతకాకుండా పోయిందా? ఊరివాళ్లంతా పిల్లల్ని తెచ్చి నా దగ్గర వదులుతుంటే, నువ్వు నా మనవరాల్ని, నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల దగ్గరికి దొంగచాటుగా పంపుతావా? పోనీ అది వదిలెయ్. ఈత అని చెప్పమన్నావు దాన్ని. ఐదేళ్ల పిల్ల నా కళ్లలోకి చూస్తూ అబద్ధమాడింది. దానికి నువ్వు నేర్పిన చదువు అదా?"

"అబద్ధం చెప్పించడం తప్పే. కానీ అక్కడికి పంపడం తప్పు కాదమ్మా."

"ఎందుకు కాదు?"

అతను కప్ప గుండీ కళ్లకేసి చూశాడు. "నా జ్వరం సంగతి అందరికీ చెబుతుంటావు కదా."

నిజమే, చెబుతుంది. ఒళ్లు కాలిపోతున్నా ఆరేళ్ల తన కొడుకు ఆ భాషలోనే, ఒక్క తప్పు లేకుండా మంచినీళ్లు అడిగాడని బడిలో చెప్పింది, పెళ్లిలో వియ్యపురాలికీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ మురిసిపోయింది.

"ముందు మన మాటల్లోనే అడిగానమ్మా. రెండుసార్లు అడిగాను. నువ్వు గ్లాసు చేత్తో పట్టుకుని, 'ఎలా అడగాలి?' అన్నావు. సరిగ్గా అడిగాకే ఇచ్చావు." అతను కప్పు కింద పెట్టాడు. "క్లాసులో పిల్లలందరికీ నువ్వంటే ప్రాణం. వాళ్లకి ఇంటికెళితే అమ్మ ఉండేది. నాకు ఇంట్లో కూడా టీచరే. బుడంకాయకి టీచర్ ఎక్కడైనా దొరుకుతుంది. నానమ్మవి నువ్వొక్కదానివే."

"నేనా కథ చెప్పిన ప్రతిసారీ నువ్వు పక్కనే నిలబడి నవ్వావు కదరా."

"అంత సంతోషంగా చెబుతుంటే ఎలా ఆపేది?"

మనవరాల్ని తన నుంచి దాచాడన్న బాధ ఒక ఎత్తు, తన బతుకులో అపురూపమనుకున్న జ్ఞాపకాన్ని ఇన్నేళ్లూ మోసపోతూ మోసిందన్నది ఇంకో ఎత్తు. ఆమె లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

ఆ వారమంతా కొడుకుతో మాట్లాడలేదు. సాయంత్రాలు చాప పరిచింది, పిల్లలతో ఆడింది, పాడింది. వాళ్లు వెళ్లిపోయాక మాత్రం ఖాళీ గదిలో అలాగే కూర్చుండిపోయేది. వాడు అబద్ధమాడుతున్నాడేమోనని గుర్తు చేసుకోబోయింది. మంచం పక్కన నిలబడ్డ తను, చేతిలో నిండు గ్లాసు, దానికేసి చూస్తున్న చిన్న ముఖం. అంతా ఉంది. తనకు ఇన్నాళ్లూ వాడు చెప్పిన వాక్యమే వినిపించింది గానీ వాడి ముఖం కనిపించలేదు.

శనివారం సాయంత్రం కొడుకు స్కూటర్ తాళం తీస్తుంటే చెప్పులేసుకుని బయటికొచ్చింది. "నేనూ వస్తా. నడిచే పోదాం."

బుడంకాయ ఇద్దరి ముందూ గెంతుతూ నడిచింది. మెట్ల మీద ఆమెను చూడగానే పొడుగమ్మాయి గాబరాపడింది. "మీరే పంపారన్నారు సారు..."

కొడుకు గోడకేసి చూశాడు.

"ఇప్పుడు పంపుతున్నాలే" అంది టీచరమ్మ. "జాగ్రత్తగా చెప్పు."

తిరిగి వస్తూ బుడంకాయ ఇద్దరి చేతులూ పట్టుకుని, నేర్చుకున్న కథను ఆ భాషలోనే మొదలుపెట్టింది. "రాజుగారు ఉల్లిపాయ ఎక్కి అడవికెళ్లాడు."

ఆ భాషలో గుర్రానికీ ఉల్లిపాయకీ ఒక్క అక్షరమే తేడా. దిద్దుబాటు టీచరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కొడుకు ఆమె వైపు చూశాడు. ఇంట్లో ఆ భాష తెలిసింది వాళ్లిద్దరికే.

ఆమె గుటక మింగి, మన మాటల్లోనే అడిగింది. "ఆ తర్వాతేమైందే?"

"ఉల్లిపాయకి గడ్డి పెట్టాడు."

కొడుకు ఫక్కున నవ్వాడు. టీచరమ్మకూ నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది, అవి ఆగడం లేదు.

పెద్దవాడయ్యాక తనంతట తాను తల్లితో ఎన్నడూ మాట్లాడని ఆ భాషలో కొడుకు మెల్లగా అన్నాడు. "ఏంటమ్మా, ఆ గుర్రాన్ని నువ్వే తరిగావా?"