పక్కకు తీసిన ముల్లు

చేపల్ని పరీక్షించే కెమిస్టును కోల్డ్ స్టోరేజీలోనే చంపి, ఐసు పెట్టెల మధ్య పడుకోబెట్టారు.

చీఫ్ ఆ ఫొటోను బల్ల మీదికి తోశాడు. "అణుకేంద్రం నీళ్ళు సముద్రంలోకి లీకవుతున్నాయి. అక్కడి చేపల్నే విదేశీ ముఠా ఒకటి రేవు ఫ్యాక్టరీలో డబ్బాల్లో నింపి పిల్లల హాస్టళ్ళకు పంపుతోందని అనుమానం. ఓడ ఇవాళే బయల్దేరుతుంది."

"ఆపెయ్యండి," అన్నాడు ఎదురుగా కూర్చున్న ఏజెంటు.

"ఎలాగయ్యా? రిపోర్టు క్లీన్. ఇచ్చింది మన ముత్యమే."

ముత్యం ఆ ముఠాలో చేరిన మన గూఢచారిణి. ల్యాబ్‌కు ఆమే ఇన్‌చార్జి.

డిపార్టుమెంటులో ఆ ఏజెంటు ముద్దుపేరు కాకరకాయ. భార్య పోయాక ఆ పేరుకు పూర్తి న్యాయం చేస్తున్నాడు. ఆవిడ ఆ ఫ్యాక్టరీలోనే చేపలు కోసేది. కూలీలకు ఊరికే పంచే తలలూ ముళ్ళూ తెచ్చుకుని, మెత్తగా ఉడికించి నమిలేది. ఎముకల్లో మూలుగ చెడి చచ్చిపోయింది. ఎందుకో ఏ డాక్టరూ చెప్పలేదు.

రేవు షెడ్డులో వీడ్కోలు విందు. కాకరకాయ వెయిటర్ వేషంలో ఉన్నాడు. జేబులో పెన్ను, పెన్నులో రేడియేషన్ కౌంటర్. డబ్బాల మీద తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు.

పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో ముత్యం కెప్టెన్ పక్కన కూర్చుంది.

"అలలు ఎక్కువగా ఉన్నాయి మేడమ్," అన్నాడు కోడ్‌లో.

"గాలి మళ్ళుతుందిలే." అంటే, ప్రమాదం లేదని.

అందరి ముందూ ఆమె డబ్బా చేప రుచి చూసింది. ముందుగా ఫోర్కుతో నడిముల్లు లాగి పళ్ళెం అంచున పెట్టింది.

కాకరకాయ చెయ్యి ఆగిపోయింది. "అదేంటి మేడమ్? డబ్బాలో ముల్లు వెన్నలా ఉంటుంది. ఎవరూ తియ్యరే!"

"గుచ్చుకుంటుందని..."

"పిల్లలకు గుచ్చుకోదా?"

ముల్లు తుడిచి పెన్ను దగ్గర పెట్టాడు. టిక్ టిక్ టిక్‌మంది. ఇందాక రేకు దాటి రాలేనిది ఇప్పుడు గొంతు విప్పింది.

ఆమె గొంతు తగ్గించింది. "సీజియం కండలో చేరుతుంది. అణుకేంద్రంవాళ్ళు నీళ్ళలోంచి దాన్ని ముందే వడగట్టేశారు. స్ట్రాన్షియం ఎముకల్లో చేరుతుంది. కెమిస్టు ముల్లు కూడా పరీక్షించాడు, పోయాడు. వాళ్ళు నన్ను కండ పరీక్షించమన్నారు, పరీక్షించాను. నేను అబద్ధం రాయలేదు."

"నిజమే. మా ఆవిడ కండ కొనలేకపోయింది."

ఆమె చేతిసంచిలోంచి పిస్తోలు బయటికి వచ్చింది. ట్రే విసురుకు అది ఎగిరిపడింది. అప్పుడే ఓడ కూత పెట్టింది. కాకరకాయ పరుగెత్తి, ఆఖరి తాడు విప్పుతున్నవాడి చెయ్యి పట్టుకున్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోను. "శభాష్! ముఠా మొత్తం దొరికింది."

"ఇదివరకు వెళ్ళిన ఓడలు?"

"అవి మన ఫైల్లో లేవయ్యా."

ఫోను పెట్టేసి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి నడిచాడు. అక్కడ తలలూ ముళ్ళూ పంచుతూనే ఉన్నారు. తట్టలన్నీ తన్ని మట్టిలో పోశాడు.

"నోటికాడ కూడు తన్నేశాడే! వీడి నోట్లో మన్నుపడ!" అంది సంచి పట్టుకొచ్చిన ముసలమ్మ.

ఆ ఆపరేషన్‌కు అతనికి దక్కిన బిరుదు అదొక్కటే.