చుక్క వెంట చూపు

"వాళ్ల టార్గెట్ మీ అన్నయ్య," అన్నాడు చీఫ్. "కచ్చితంగా చెప్పాలంటే, ఆయన కళ్లు."

ఆ కళ్ల విలువ ఏజెంట్ డేగకు తెలుసు. శత్రుదేశంలో మారుపేర్లతో బతుకుతున్న నలభై ఇద్దరు మనవాళ్ల జాబితా ఒక సిస్టమ్‌లో ఉంది. అది బయటపడితే సాయంత్రానికి ఒక్కరూ మిగలరు. దానికి పాస్‌వర్డ్ లేదు, వేలిముద్ర లేదు. తెర మీద ఒక చుక్క కదులుతుంది; దాని వెంట అన్నయ్య చూపు కదిలే తీరును కెమెరా గుర్తుపట్టాలి. ఆ సిస్టమ్ తయారుచేసిందీ ఆయనే. పక్షవాతంతో కాళ్లూ చేతులూ మాటా పడిపోయాక ఆయనకు మిగిలింది ఆ చూపొక్కటే.

"మీ అన్నయ్య ఉన్న నర్సింగ్ హోమ్‌లో ఫిజియోథెరపిస్ట్ మన మనిషే. కోడ్‌వర్డ్ చెప్పు, చాలు; ఆయన్ని బయటికి తేవడానికి సాయం చేస్తుంది."

పదింటికి డేగ దుప్పట్ల ట్రాలీ తోసుకుంటూ నర్సింగ్ హోమ్‌లో అన్నయ్య గదిలోకి వెళ్లాడు. ఖాకీ చొక్కా, అతికించిన మీసం, చెవిలో ఇయర్‌పీస్.

"కొత్త దుప్పట్లు. ఉతికినా రంగు పోవు."

ఫిజియోథెరపిస్ట్ అందంగా నవ్వింది. అంతే అందంగా సైలెన్సర్ పిస్టల్ తీసి అతని కణతకు ఆనించింది.

"అది పాత కోడ్. మీ దగ్గర ఉద్యోగమూ నాకు పాతదే."

మంచం ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఉంది.

"సార్, చుక్క వెంట చూడండి. కళ్లు మూశారో, మీ తమ్ముడుండడు."

"మూసుకో అన్నయ్యా! నా మాట విను!"

అన్నయ్య వినలేదు. చిన్నప్పటి నుంచీ తమ్ముడి మీద ఈగ వాలనివ్వని మనిషి. చుక్క వెంట చూపు నడిచింది. ముప్పై శాతం. యాభై.

టెస్టింగ్ రోజుల్లో ఒకసారి డేగ వేసిన జోకుకి అన్నయ్య పడీపడీ నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరగడంతో కెమెరా మూడుసార్లు 'ఈయన కాదు' అని తేల్చి టెస్ట్ ఫైలంతా తుడిచేసింది. ఆ లోపం సరిచేసే లోపే ఆయన మంచాన పడ్డాడు. ఇప్పుడు డేగకు జోకులేమీ గుర్తు రాలేదు.

"అన్నయ్యా... పొద్దున అమ్మ పోయింది."

చూపు ఆగిపోయింది. కళ్లు నిండాయి. తెర ఎర్రబడింది. ఆమె దూదితో తుడిచి మళ్లీ చూపించింది. తుడిచినకొద్దీ నీళ్లు ఊరాయి. రెండోసారీ ఎరుపే. మూడోసారి తొంభై తొమ్మిది దాకా వెళ్లి, ఒక్క బొట్టు జారింది. ఫైల్ డిలీట్ అయింది.

ఆమె తెర వైపు తల తిప్పిన క్షణంలో డేగ ట్రాలీతో గుద్దాడు. పిస్టల్ మంచం కిందికి జారింది. బయట కాచుకున్న మనవాళ్లు వచ్చి ఆమెకు బేడీలు వేశారు.

"శభాష్! భలే అబద్ధమాడావయ్యా!" చెవిలో చీఫ్ గొంతు.

డేగ ఇయర్‌పీస్ పీకేశాడు. పొద్దున ఏడింటికి చెల్లెలు ఫోన్ చేసిన సంగతి అతను చీఫ్‌కి చెప్పలేదు. సాయంత్రం అన్నయ్య చెయ్యి పట్టుకుని నిదానంగా చెప్పాలనుకున్నాడు.

అన్నయ్య ఏదో చెప్పాలని చూస్తున్నాడు. డేగ అక్షరాల అట్ట ఎత్తి పట్టుకున్నాడు. తడి కళ్లు ఒక్కో అక్షరం దగ్గరా ఆగాయి.

"అబద్ధమేగా?"

ఇరవై ఏళ్లుగా జీతం తీసుకుని అబద్ధాలాడుతున్న మనిషికి, ఆ ఒక్కటీ నోట రాలేదు.