నీళ్ళు మూడుసార్లు మార్చిన ఆదివారం

కొట్లో ఉప్పులో ఊరేసిన మాంసం బకెట్ ఒక్కటే మిగిలింది. దాని పిడి మీద రెండు చేతులు ఒకేసారి పడ్డాయి.

ఒకటి ఆల్మాది. వారంలో ఆరు రోజులూ ఫ్యాక్టరీలో పీతలు విరిచీ విరిచీ వాచిపోయిన చెయ్యి. రెండోది గార్లాండ్‌ది. ఎదురు దీవికి తిరిగే ఫెర్రీలో తాళ్ళు లాగుతాడు.

"ముందు నేను పట్టుకున్నానండీ," అన్నాడు.

మామూలుగా అయితే ఆల్మా ఊరుకునే మనిషి కాదు. ఆ శనివారం సాయంత్రం చెయ్యి తీసేసింది. "తీసుకోండి. పోట్లాడే ఓపిక లేదు."

"అదేంటండీ, కాస్త తిట్టనైనా తిట్టండి!"

"తిట్టడానికీ ఓపిక కావాలిగా."

అతని ముఖం వాడిపోయింది. బకెట్ తీసి ఆమె బుట్టలో పెట్టాడు. "మీరే వండండి. నాకో ప్లేటు పెట్టండి చాలు. రెండు నెలలుగా బోట్లో డబ్బా సూపే గతి."

"కొండమీద పచ్చ ఇల్లు. రేపు పదింటికి రండి," అంది. ఎందుకన్నదో ఆమెకే తెలీదు.

ఇంటికెళ్ళి, ఉప్పు పోయేలా మాంసాన్ని రాత్రే నానబెట్టాల్సింది, అదీ చెయ్యకుండానే బూట్లతో నిద్రపోయింది.

పొద్దున తలుపు తీస్తే గార్లాండ్, చంకలో పెద్ద టర్నిప్ దుంప. లోపల కుర్చీలోంచి అమ్మమ్మ సుసానా గొంతు. తుంటి విరిగినప్పట్నుంచీ ఆవిడ కడుపు నిండా తినేది ఆదివారం ఒకే కుండలో ఉడికే ఈ మాంసం, దుంపలే.

"మాంసం నానలేదు! ఈ ఉప్పుకి సముద్రం నయం!"

"నీళ్ళు మూడుసార్లు మార్చి ఉడికిద్దాం మామ్మగారూ," అన్నాడు గార్లాండ్, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

"ఎవరే ఈ అబ్బాయి?"

"బకెట్‌తో పాటు వచ్చాడు," అంది ఆల్మా. అమ్మమ్మ కిసుక్కున నవ్వింది.

క్యారెట్ చెక్కుతూ చెక్కుతూ ఆల్మా బల్లమీద తల వాల్చేసింది. ఎవరో చేతిలోంచి కత్తి మెల్లగా తీసుకున్నారు. తర్వాతేమీ తెలీదు.

లేచేసరికి కిటికీ అద్దాలనిండా ఆవిరి. కుండలో మాంసం, క్యాబేజీ, బంగాళాదుంపలు. అందులోనే ఉడకేసిన బఠాణీ పప్పు గుడ్డమూట ఊడిపోయి నీళ్ళన్నీ పచ్చగా చిక్కబడ్డాయి. అమ్మమ్మ ప్లేటు ఖాళీ. గార్లాండ్ లేడు.

"ఏడీ?"

"ఐదు గంటల బోటుందని పోయాడు. నిన్ను లేపనివ్వలేదు. మూట కట్టడం రాని దద్దమ్మ," అంది అమ్మమ్మ. ఖాళీ ప్లేటు పక్కకి జరిపి, "వాణ్ణి ఉత్తరాది ఫెర్రీ రూటుకి మారుస్తారట, ఒప్పుకుంటే ఇక ఈ రేవుకి రాడు. రేపు జవాబు చెప్పాలట. నీకు చెప్పొద్దన్నాడు."

"మరి చెప్పావేం?"

"నాకు తినిపించింది వాడు. నీకు ఎవరు తినిపిస్తారే?"

ఆల్మా నిలబడే నాలుగు ముద్దలు తింది. ఉప్పగానే ఉంది. ఆమెకు ఇంకొకరు వండిపెట్టి ఎన్నేళ్ళయిందో. కోటు తగిలించుకుని కొండ దిగింది. మోకాళ్ళు సలుపుతున్నాయి, పొగమంచులో రేవు కనబడటంలేదు. ఫెర్రీ కూత మాత్రం వినబడింది.

గార్లాండ్ తాడు విప్పుతున్నాడు.

"ఉత్తరాది రూటుకి వెళ్తావా?" అని అరిచింది. 'మీరు' కాస్తా 'నువ్వు' ఎప్పుడయిందో ఇద్దరూ గమనించలేదు.

"ఇక్కడ ఉండమనేవాళ్ళు లేరుగా."

"నేను అంటున్నా. వెళ్ళకు."

"ఎందుకు?"

"కారణాలు చెప్పే ఓపిక నాకు లేదు గార్లాండ్. నువ్వుంటే కాస్త కూర్చోవాలనిపిస్తోంది. అంతే."

అతని చేతిలోంచి తాడు జారింది. పైనుంచి కెప్టెన్ కేకేశాడు: "ఒరేయ్, దాన్ని విప్పుతావా, కడతావా?"

గార్లాండ్ ఆమెవైపే చూస్తూ ఆ తాడుని మళ్ళీ గుంజకు చుట్టాడు.

"ఒక్క నిమిషం కెప్టెన్," అన్నాడు. "రేపటి జవాబు ఇప్పుడే చెప్పేస్తాను."