ఆరువందల పలకలు, నాలుగు గంటలు

"తొమ్మిది రోజులు లేవు గిద్యోనూ. నాలుగు గంటలే."

మార్కాపురం బస్టాండులో టీ తాగుతున్న ఏజెంట్ గిద్యోను చెవిలో చీఫ్ గొంతు. విదేశీ ముఠా లారీ ఈరోజే, సాయంత్రం నాలుగింటికి ఓడరేవుకు బయల్దేరుతోంది. అందులోని ఆరువందల పలకల్లో ఒకటి బోలు. దాని రెండు పొరల మధ్య నౌకాదళ రహస్యాల చిప్.

"మిషన్‌లో ఏం తగ్గిస్తారు సార్?"

"ఏమీ తగ్గదు. చిప్ దొరకాలి. ముఠా మనిషి పట్టుబడాలి. మనకు సమాచారమిచ్చిన మనిషి ఒంటిమీద గీత పడకూడదు. మూడూ ఒకేసారి కానియ్."

పోయినసారి గిద్దలూరులోనూ ఇలాగే తొందరపెట్టారు. మూడోదే కుదరలేదు, సమాచారమిచ్చిన మనిషి దక్కలేదు. ఆ మనిషి ముఖం ఇప్పటికీ అద్దంలో గిద్యోను ముఖం కంటే ముందు కనిపిస్తుంది.

క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో పలకల ఫ్యాక్టరీకి వెళ్లి, లోడు దింపించాడు. పలకలు ఏరే లక్ష్మీనరసమ్మ తలెత్తింది.

"కొమరోలు బస్సు పోయిందా?" అడిగాడు గిద్యోను.

"పోలే. డ్రైవరు టీ తాగతన్నాడు."

కోడ్ సరిపోయింది. సమాచారమిచ్చింది ఈమే. చొక్కా గుండీలోని స్కానర్ పలకల దుమ్ముకు మూగబోయింది. అప్పటికే రెండు దాటింది.

"ఏంది నాయనా, అట్ల చెమటలు కారతన్నాయి? తడితే తెలీదా? మంచి పలక ఖణేల్‌మంటది. బోలుది మందంగా పలుకుతాది."

"ఆరువందలమ్మా! ఎంతసేపు?"

"నా ఒక్కదానికైతే పొద్దుగూకుతాది. అందరం కూచుంటే గంటన్నర."

"వద్దు, అందరికీ తెలిసిపోతుంది..."

ఆమె అప్పటికే కేకేసింది. ఆరుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. తన పథకం తన కళ్లముందే వేరేవాళ్ల చేతుల్లోకి పోతుంటే గిద్యోను చూస్తూ నిలబడ్డాడు.

మూడూ యాభై. కారాగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర సిల్కు చీర, హ్యాండ్‌బ్యాగు లోంచి పిస్తోలు. అనురాధ. చీఫ్ అందరికంటే ఎక్కువ నమ్మే ఏజెంట్.

"మా లారీ తేదీని ముందుకు జరిపింది నేనే గిద్యోనూ. తొందరపెడితే నీ చెయ్యి కదలదని తెలుసు."

నిజమే. నడుముకున్న పిస్తోలు దాకా చెయ్యి పోలేదు.

"మీలో ఎవరు చెప్పారు?" ఆమె ఆడవాళ్ల వైపు తిరిగింది.

ఏడుగురి ఒళ్లోనూ పలకలు. ఏడుగురి చేతులకూ ఒకే దుమ్ము. అనురాధ చూపు ఎక్కడా ఆగలేకపోయింది.

"తుపాకీ పెట్టి అడిగితే మాకు మా పేర్లే గుర్తురావు తల్లీ," అంది మంగ, ఆ ఆరుగురిలో ఒకామె.

పని ఆపితే అనుమానం వస్తుందని లక్ష్మీనరసమ్మ తడుతూనే ఉంది. మూడూ యాభై తొమ్మిదికి ఒక పలక మందంగా పలికింది. ఆమె ఆలోచించలేదు. ముప్పై ఏళ్ల అలవాటు. చెడ్డ పలకను వెనకున్న చెత్తగుట్ట మీదికి విసిరేసింది.

పలక పగిలింది. చిప్ మెరిసింది. అనురాధ గుట్ట మీదికి ఉరికింది. కాలికింద పలక ముక్కలు జారాయి. మనిషి పడింది, పిస్తోలు మంగ ఒళ్లో పడింది. అప్పుడు కదిలింది గిద్యోను చెయ్యి. సంకెళ్లు బిగిశాయి.

బయట లారీ హారన్ కొట్టింది.

"మూడూ అయ్యాయి సార్," అన్నాడు ఫోన్‌లో.

"నాలుగు గంటల పనికా తొమ్మిది రోజులడిగావు? ఇకమీదట నీకు రెండు గంటలు చాలు."

లైన్ తెగింది. గిద్యోను వేలి కణుపుతో ఫోన్‌ను ఒకసారి తట్టి చూశాడు. మందంగా పలికింది.