301కి వాసన రాలేదు

అనూరాధను చంపడానికి తుపాకీ అక్కర్లేదు. వంటగది కిటికీ చాలు.

చీఫ్ నరసింగరావు గొంతు ఇయర్‌పీస్‌లో గరగరలాడింది.

"అరసవల్లి. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. విదేశీ ముఠా పేర్లన్నీ అనూరాధకు తెలుసు. రేపు ఢిల్లీలో సాక్ష్యం. ఈ సాయంత్రం నాలుగింటికి కింది అంతస్తులో ఏదో ఒక ఫ్లాట్ నుంచి విషవాయువు వదులుతారు. వంటగదులన్నీ తెరుచుకునే డక్ట్‌లో అది పైకెక్కుతుంది."

"ఆమెను బయటికి తెస్తే?"

"గేటు ఎదుట సాలూరు లారీలో వాళ్ల తుపాకులున్నాయి. మన సింధూరి కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసింది. గాలి తిన్నగా 504కి పోతుంది. అంటే అనూరాధ ఫ్లాట్. 301కి చుక్క కూడా రాదు. ఆమెను 301కి మార్చు. అక్కడ సింధూరే ఉంటుంది."

ఏజెంట్ కొండబాబు గ్యాస్ స్టవ్ రిపేరువాడి వేషంలో ఉన్నాడు. సంచిలో పాన, బర్నర్లు. అడుగున పిస్తోలు. టైము మూడుంబావు.

101 తలుపు కొట్టాడు. ఎవరూ పలకలేదు. 102 తలుపు మీద సంఘం వాళ్ల నోటీసు: ఎండుచేపలు వేపరాదు. లోపల గున్నమ్మ ఎండు నెత్తళ్లు వేపుతోంది. చేపల వ్యాపారం ఆమెది.

"ఆ కాయితం అంటించినోలు పంపినారేటి నిన్ను? నా పొయ్యి నాను ఆపను. ఎల్లి సెప్పు."

"వాళ్లు కాదమ్మా. ఈ వాసన ఎందాకా పోతుంది?"

"పొద్దున్నయితే 504కి. మద్దినేల మూడు దాటితే సముద్రం గాలి తిరుగుతాది. అప్పుడు తిన్నగా 301కే. పాతోలు రోజూ దిగొచ్చి తగువాడేవోరు. ఆకరికి ఇల్లు కాలీ సేసి పోనారు."

"ఇప్పుడున్నామె?"

"నల్లద్దాల గుంటా? మూడు వారాలైనాది. ఒక్కపాలి రాలేదు. ముక్కు లేకుండా పుట్టినాదేటి?"

కొండబాబు చేతిలో పాన ఆగింది. ముక్కు ఉంది. కిటికీయే మూసి ఉంది. ఆ కిటికీలోంచి ఏం రాబోతోందో సింధూరికి ముందే తెలుసు. పొద్దుటి గాలితో లెక్క కట్టి చీఫ్‌కి చూపించింది.

"చీఫ్, సిమ్యులేషన్ అబద్ధం. మార్చను."

"ఎవరు చెప్పారు?"

"నెత్తళ్లు."

"కొండబాబూ! ఇది ఆర్డర్!"

"వినపడింది. చెయ్యను."

ఇయర్‌పీస్ తీసి గున్నమ్మ ఉప్పుడబ్బాలో పడేశాడు. అనూరాధను వెనక మెట్ల మీదుగా 102కి దింపాడు.

"ఈమెను కాసుకో అత్తా. కిటికీ మూసెయ్."

"ఎవుడొస్తాడో రమ్మను." గున్నమ్మ అట్లకాడ తీసింది.

మూడూ యాభై ఆరు. 301 తలుపు తెరిచింది సింధూరి. నల్లద్దాలు, సెంటు, భుజాన హ్యాండ్‌బ్యాగ్. వంటగది కిటికీ రెక్కకు అప్పుడే ఊడదీసిన టేపు వేలాడుతోంది.

"అనూరాధ ఏది?"

"వస్తోంది. మీరెక్కడికి?"

"పాలకి."

కొండబాబు లోపలికొచ్చి తలుపుకు తాళం వేశాడు. తాళంచెవి కిటికీలోంచి డక్ట్‌లోకి విసిరాడు. స్టూలు లాక్కుని, పిస్తోలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పాలు తర్వాత. ఇద్దరం ఇక్కడే గాలి పీలుద్దాం."

ఆమె బ్యాగ్‌లోంచి తీసిన లిప్‌స్టిక్‌లోంచి సూది లేచింది. పానతో ఒక్క దెబ్బ. సూది గచ్చు మీద పడింది.

"నువ్వూ చస్తావ్!"

"చుక్క కూడా రాదన్నావుగా. భయమెందుకు?"

ఆమె గడియారం చూసింది. పిస్తోలు వైపు చూడలేదు. యాభై తొమ్మిది. చేతి గాజు నోటికి ఆనించి అరిచింది.

"నల్ల కొంగ! ఆపు! నల్ల కొంగ!"

"ఆపేశాను!" ఆ జవాబు గాజులోంచే కాదు, 101 కిటికీలోంచీ వచ్చింది. 102లో గున్నమ్మ చెవిన పడింది.

"పక్కింట్లోనే ఉన్నాడా ఎదవ!"

గుప్పెడు ఎండుమిరపకాయలు వేడి పెనం మీద వేసింది. కిటికీ తెరిచి, పొగను చేటతో పక్క కిటికీలోకి విసిరింది. దగ్గుతూ వరండాలోకి పరుగెత్తినవాడికి అట్లకాడ ఎదురైంది. 101లో విషవాయువు సిలిండరు సీలు ఊడనే లేదు.

ఉప్పుడబ్బాలోంచి అంతా విన్న చీఫ్ పోలీసులతో దిగాడు. లారీని చుట్టుముట్టారు. 301 తలుపు పగలగొట్టారు.

"ఆర్డర్ ధిక్కరించావ్," అన్నాడు చీఫ్, తుమ్ముతూ.

"ధిక్కరించాను."

"పెద్ద ఆపీసరువి కదా, ఈ కాయితం సంగతేటి బావూ?" అంది గున్నమ్మ.

చీఫ్ పెన్ను తీసి నోటీసు కింద రాశాడు: దేశ భద్రత దృష్ట్యా వేపవచ్చు.

మర్నాడు పొద్దున ఆ వాసన 504కి ఎక్కింది. తగువుకి ఎవరూ దిగలేదు. అనూరాధ ఢిల్లీలో సాక్షి బోనులో నిలబడి పేర్లు చదువుతోంది. ముందు వరసలోని లాయర్లు మాత్రం ముక్కులు మూసుకున్నారు.