పెద్దమేస్త్రీ వద్దన్న ఆయిల్

చీకటి పడ్డాక ఆ మెకానిక్ షెడ్ల వరసలో చివరి షెడ్డు వైపు ఎవరూ వెళ్ళరు. పంచరు పడ్డ సైకిలువాడు కూడా చుట్టూ తిరిగి పెద్ద రోడ్డు మీదుగా నడిపించుకుంటూ పోతాడు గానీ అటు అడుగు వెయ్యడు.

కారణం ఉంది. రెండు నెలల కిందట పెద్దమేస్త్రీ పోయింది ఆ షెడ్డులోనే. తన పాతకాలం కారు ఇంజన్ని పూర్తిగా విప్పి, ఒక్కో ముక్కా కొత్తగా బిగించి, ఆఖరి బోల్టు వేసి, బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు... అలాగే జారిపోయాడు. ఇంజన్ని ఒక్కసారి కూడా స్టార్టు చెయ్యలేదు. అందులో ఇంకా ఆయిలే పొయ్యలేదు.

అప్పటినుంచీ రాత్రిళ్ళు మూసిన షట్టర్ వెనక చప్పుళ్ళు. చిన్న చక్రాలు గచ్చు మీద దొర్లినట్టు... కాసేపటికి పానా తగిలినట్టు... తర్వాత ఏమీ ఉండదు. "వెళ్ళి చూడకపోయావా?" అని అడిగితే వాచ్‌మన్ తడుముకోకుండా చెప్పాడు. "నా జీతం దొంగల కోసమండీ. దెయ్యాలకి వేరే మనిషిని పెట్టుకోండి."

పెద్దమేస్త్రీ అల్లుడు ఇవన్నీ విని నవ్వేసేవాడు. అతనూ మెకానిక్కే. కాకపోతే అద్దాల గదులుండే సర్వీస్ సెంటర్లో, కొత్త కార్లకి. చేతికి మసి అంటని మెకానిక్కని మామగారు ఆటపట్టించేవాడు.

నిజానికి అతని బెంగ దెయ్యం గురించి కాదు, భార్య గురించి. తండ్రి పోయినరోజు ఆమె ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. వండేది, వడ్డించేది, అడిగినదానికి ఒక్క మాటలో జవాబు చెప్పేది. కూరలో ఉప్పు మర్చిపోయిందని చెబితే ఉప్పుడబ్బా తెచ్చి ముందు పెట్టి వెళ్ళిపోయేది. కోపమైనా బాగుండేదనిపించేది అతనికి. ఎదురుగా ఉన్న మనిషితో కాపురం చేస్తూ ఆ మనిషికోసమే బెంగపెట్టుకోవడం ఎంత కష్టమో అతనికి ఆ రెండు నెలల్లో తెలిసొచ్చింది.

చివరికి అతనికి ఒకటే దారి తోచింది. మామయ్య బిగించిన ఇంజన్ తిరగాలి. చిన్నప్పటినుంచీ ఆ కారు చప్పుడు వింటూ పెరిగిన పిల్ల... ఆ చప్పుడు మళ్ళీ చెవిన పడితే కరుగుతుంది, ఏడుస్తుంది, మామూలు మనిషవుతుంది.

కొత్తగా బిగించిన ఇంజన్ని మొదటిసారి స్టార్టు చేస్తే ఇరవై నిమిషాలు ఆపకూడదు, నెమ్మదిగానూ తిరగనివ్వకూడదు. రాత్రిపూట ఆ పని చేస్తే వీధి వీధంతా లేచి కూర్చుంటుంది. అందుకని సాయంత్రం ఆయిల్ పోసి, పొద్దున్నే ఆమెని తీసుకొచ్చి ఆమె ఎదురుగానే స్టార్టు చేద్దామనుకున్నాడు.

మామయ్య కారుకి తను తక్కువరకం పోస్తాడా? సర్వీస్ సెంటర్లో ఉన్నవాటిలోకెల్లా మంచి సింథటిక్ ఆయిల్ తెచ్చి పోశాడు. షట్టర్‌కి తాళం వేసి, ఇంటికెళ్ళి పడుకున్నాడు. తల దిండుకి తగిలితే పక్కన పిడుగు పడినా లేచే రకం కాదు.

పొద్దున్నే ముందు తనొక్కడే వెళ్ళి తాళం తీశాడు.

ఇంజన్‌లో చుక్క ఆయిల్ లేదు.

మొత్తం కింద ట్రేలో ఉంది. ట్రే మీద గుడ్డ కప్పి ఉంది. గచ్చు మీద మరక కూడా లేదు. ఇక ఆయిల్ కారిపోకుండా ఇంజన్ అడుగున బిగించి ఉండాల్సిన డ్రైన్ ప్లగ్గు — శుభ్రంగా తుడిచి, సన్నటి తీగతో కట్టి — స్టీరింగుకి వేలాడుతోంది.

ఆయిల్ తీసేసిన ఇంజన్ని ఎవరూ తెలియక స్టార్టు చెయ్యకుండా ప్లగ్గుని అలా కళ్ళెదురుగా కట్టే అలవాటు ఆ వరసలో ఒక్క మనిషిదే. ఆ మనిషి లేడు.

సాయంత్రందాకా ఆలోచించాడు. అప్పుడు గుర్తొచ్చింది, భోజనాల దగ్గర మామగారితో తనకెప్పుడూ పడని విషయం. "అల్లుడుగారూ, కొత్త పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి ఒరుసుకుని కూర్చోవాలి. మీ సింథటిక్ మరీ జారుడు. ఒరుసుకోనివ్వదు. ఇక ఆ బండి ఉన్నన్నాళ్ళూ పొగ కక్కుతూనే ఉంటుంది."

అంటే... వద్దంటున్నాడన్నమాట.

భార్యకి చెప్పలేదు. ఉన్న బాధ చాలనుకున్నాడు. మర్నాడు మామూలు మినరల్ ఆయిల్ కొని పోశాడు.

పొద్దున వెళ్ళి చూస్తే — ట్రే, గుడ్డ, తీగకి వేలాడే ప్లగ్గు.

ఈసారి అతను షెడ్డులో ఎక్కువసేపు నిలబడలేదు. ఊరవతల పాత లారీల విడిభాగాలు అమ్మే ముసలాయన దగ్గరికి పోయి, జరిగిందంతా కాకుండా సగమే చెప్పి, సలహా అడిగాడు. ముసలాయన డబ్బా మీద అక్షరాలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఇప్పటి ఆయిళ్ళలో అరుగుదల ఆపే జింకు తగ్గించేశారు బాబూ. కొత్త ఇంజన్లకి పరవాలేదు. మీ కారు పాతకాలంది. ఇది పోసి తిప్పితే ఆ ఇరవై నిమిషాల్లోనే కామ్‌షాఫ్ట్ అరిగిపోతుంది. ఆ కామ్‌షాఫ్ట్ మళ్ళీ ఎక్కడా దొరకదు కూడాను."

లోపలి గదిలోంచి దుమ్ము పట్టిన డబ్బాలు తెచ్చిచ్చాడు. జింకు దండిగా ఉన్న పాతరకం మినరల్ ఆయిల్. "పెద్దమేస్త్రీ నా దగ్గర ఇదొక్కటే కొనేవాడు."

అల్లుడి గుండెల మీద బరువు దిగిపోయింది. షెడ్డుకొచ్చి, డబ్బాలు ఒంచుతూ, ఎవరికో అప్పజెప్పినట్టు పైకే అన్నాడు. "ఇదే కదా మామయ్యా. ఇక ఊరుకో."

తెల్లారి చూస్తే... అదీ ట్రేలో ఉంది.

అప్పుడు భయమేసింది. నూనె నచ్చక తీస్తున్నాడనుకుంటే అందులో ఒక న్యాయముంది. ఆయన కోరిన నూనే పోశాక కూడా తీస్తే, ఆయనకి ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం అతను అదే ఆయిల్ మళ్ళీ పోశాడు. ఇంట్లో నైట్ డ్యూటీ అని చెప్పాడు. షెడ్డులోకి వెళ్ళి, షట్టర్ లోపలినుంచి దించుకుని, కారు వెనకసీట్లో ముడుచుకుని కూర్చున్నాడు.

పది దాటింది. పన్నెండు దాటింది. చీకటికి ఆయిల్ వాసన. కాళ్ళు తిమ్మిరెక్కి, భయం కూడా తిమ్మిరెక్కి, కళ్ళు మూతపడుతుండగా...

షట్టర్ నడుమెత్తు లేచింది.

ఎవరో వంగి లోపలికి వచ్చి, జానెడు సందు ఉంచి షట్టర్ దించారు. దీపం లేదు. తడుముకోవడం లేదు. మెకానిక్కులు పడుకుని బండి కిందికి జరిగే చక్రాల పలక దొర్లుకుంటూ కారు కిందికి వెళ్ళింది... సరిగ్గా ఇంజన్ కింద ఆగింది. పానా తగిలింది. ఒక్క తిప్పు... రెండో తిప్పు... ట్రేలో ఆయిల్ ధారగా పడుతోంది.

అతను కిటికీలోంచి కిందికి చూశాడు. వీధిదీపం వెలుగు జానెడు సందులోంచి గచ్చు మీద పడుతోంది. ఆ వెలుగులో, కారు కిందనుంచి బయటికి వచ్చి ఉన్న రెండు బూట్లు. పెద్దమేస్త్రీ బూట్లు.

"మామయ్యా..." అన్నాడు.

కింద పానా ఆగింది.

జవాబొచ్చింది. "నేనేనండీ."

అతని భార్య.

అతను తలుపు తెరుచుకుని దిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని కిందికి తొంగిచూశాడు. తండ్రి ఖాకీ కోటు తొడుక్కుని, కోటు చేతులు పైకి మడిచి, పలక మీద వెల్లకిలా పడుకుని ఉంది. ధార వైపే చూస్తోంది.

"రోజూ వస్తున్నావా?"

"ఊఁ. నాన్న తాళంచెవి నా దగ్గరే ఉంది. ఇక్కడైతే కాసేపు నిద్ర పడుతుంది."

"ఈ ఆయిల్ కూడా తప్పేనా?"

"కాదు. నాన్న పోసేది ఇదే."

"మరెందుకు తీసేస్తున్నావు?"

ధార సన్నబడి దారంలా అయింది.

"స్టార్టయితే..." అంది మెల్లగా, "నాన్న పని అయిపోతుంది కదండీ."

ఆమెని మామూలు మనిషిని చెయ్యాలని ఆయిల్ పోస్తూ, తను ఆమెకి మిగిలిన ఒక్కదాన్నీ రోజుకోసారి లాక్కోబోయాడు. సిగ్గేసింది. సర్వీస్ సెంటర్ యూనిఫాంతోనే గచ్చు మీద పడుకుని కారు కిందికి జరిగాడు. ఆమె భుజం అతని భుజానికి తగిలింది. ఆఖరి చుక్కలు పడుతుండగా ఆ భుజం వణకడం మొదలుపెట్టింది. చప్పుడు లేని ఏడుపు. అతను కదల్లేదు.

తెల్లవారుజామున వాచ్‌మన్, షట్టర్ కొంచెం లేచి ఉండటం చూసి, ధైర్యం చేసి సందులోంచి టార్చి వేశాడట. కారు కిందనుంచి నాలుగు కాళ్ళు కనబడ్డాయట. టార్చి అక్కడే పారేసి పరిగెత్తాడట.

ఆ కారు ఇప్పటికీ స్టార్టు కాలేదు. షెడ్డులో దెయ్యాలు మాత్రం రెండయ్యాయని ఆ వరసంతా చెప్పుకుంటున్నారు.