నేల తలుపు కింద హాజరు

నాటకం నేర్చుకుందామని వచ్చినవాళ్ళకి నేను ముందు నటన నేర్పను, చోట్లు నేర్పుతాను. వింగ్ అంటే వేదిక పక్కన నటులు కాచుకునే చాటు. కుడి వింగ్ అంటే నటుడి కుడివైపు, చూసేవాడి కుడివైపు కాదు. ఈ ముక్క బుర్రకెక్కడానికి కొందరికి నెల పడుతుంది. డిగ్రీలున్నవాళ్ళకి రెండు నెలలు. నేను బడికెళ్ళింది అయిదేళ్ళే. మిగతాదంతా పాత పుస్తకాల కొట్లో నిలబడి చదువుకున్నదే.

ఆ మధ్యాహ్నం హాలు తలుపులు మూసి చీకటి పాఠం పెట్టాను. లైట్లు ఆర్పాక ఒక్కో చోటునీ పేరుపెట్టి పిలవాలి. అక్కడున్నవాళ్ళు "ఉన్నాను" అనాలి. అందరూ పలికేదాకా ఎవరూ కదలకూడదు. ఎవరి నెత్తినా సెట్టు పడకూడదని మా పద్ధతి.

లైట్లు ఆర్పాను. లైట్ల బోర్డు దగ్గర నేనే ఉన్నాను. పాత రంగుల వాసన, తడి గుడ్డల వాసన.

"కుడి వింగ్?"

"ఉన్నాను పిన్నీ!" మా అక్క కూతురు. వాగుడుకాయ. పిన్నీ అనకుండా ఒక్క మాటా పూర్తి చెయ్యదు. "దీన్ని నీ చేతుల్లో పెడుతున్నానే" అని అక్క అప్పగించి నెల కాలేదు.

"ఎడమ వింగ్?"

"ఉన్నాను మేడమ్." కుట్టుపని చేసుకునే అమ్మాయి.

"తెర?"

"ఉన్నానమ్మా." తెర లాగే తాత.

అక్కడితో ఆపాల్సింది. పాఠం సగంలో వదలడం నాకు చేతకాదు. వేదిక కిందనుంచి నటులు పైకి రావడానికి ఎప్పుడో పెట్టిన నేల తలుపొక్కటే మిగిలింది.

"నేల తలుపు కింద?"

"అది పిలవకమ్మా!" తాత అరిచాడు.

కిందనుంచి పొడిగా, మెల్లగా... "ఉన్నాను."

లైట్లు వేశాను. నేల తలుపుకి ఆరు మేకులూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

"ఎవరే ఆ వేషాలేసేది?" అని అరిచాను. ఆడపిల్లలిద్దరూ బిక్కచచ్చిపోయారు.

"పిలిచావుగా, ఇక రోజూ పిలవాలి," తాత గుసగుసలాడాడు. "మానేస్తే అది వేరే చోటు వెతుక్కుంటుంది."

"చాల్లే తాతా, ఇన్ని పుస్తకాలు చదివి నీ కబుర్లకి జడుసుకోవాలా?"

మళ్ళీ లైట్లు ఆర్పాను. ఈసారి కింద చోటుని పిలవదలుచుకోలేదు.

"కుడి వింగ్?"

"ఉన్నాను."

అంతే. పిన్నీ లేదు. గొంతు పొడిగా ఉంది.

నా కాళ్ళ కింద చెక్క మీద చిన్న చప్పుడు... గోళ్ళతో. తర్వాత ఏడుపు.

"పిన్నీ..."

స్విచ్చి కోసం తడుముకున్నాను. వెలుగొచ్చింది. కుడి వింగ్‌లో అక్క కూతురు నిలబడి నవ్వుతోంది.

"ఏమైంది మేడమ్?" అంది, అదే పొడి గొంతుతో.

తాతా నేనూ ఆరు మేకులూ పీకాం. కింద గొయ్యి లేదు. అంచుదాకా ఇసుక పోసి పూడ్చేశారు, ఎప్పుడో.

"పిల్లకి భలే మర్యాద నేర్పావే, గట్టిగా మాట్లాడ్డమే మానేసింది" అని అక్క ఫోన్లో మురిసిపోతుంది. నోరున్నదాన్నని పేరు నాకు. ఆ ఒక్క మాటకి మాత్రం "ఊఁ" అనేసి ఫోను పెట్టేస్తాను.

రోజూ పాఠం అయ్యాక అందర్నీ పంపేసి, లైట్లు ఆర్పి, నేల తలుపు కింద చోటు పిలుస్తాను. "ఉన్నాను పిన్నీ." అది విన్నాకే ఇంటికెళతాను.

నిన్న పిలిస్తే పలకలేదు. చీకట్లో పాకుతూ వెళ్ళి నేల తలుపుకి చెవి ఆనించాను. ఇసుక లోపల పిల్ల చోట్లు పిలుస్తోంది, నేను నేర్పిన వరసలోనే. కుడి వింగ్... ఎడమ వింగ్... తెర...

"లైట్ల బోర్డు?"

ఆ చోటు నాది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

నా వెనక, బోర్డు దగ్గర్నుంచి "ఉన్నాను" అని వినిపించింది. నా గొంతుతోనే.